నకలులో మారే అక్షరం: స్కిజోఫ్రేనియా, సెరటోనిన్ గ్రాహకాల పరిశోధన చరిత్ర

ఉన్మాదానికి దేహంలోనే ఏదో ఒక మూలం ఉంటుందన్న ఊహ చాలా పాతదే అయినా, ఆ ఊహను ప్రయోగశాలలో కొలిచి చూడదగిన ప్రశ్నగా మార్చినది ఇరవయ్యో శతాబ్దం. ఆ ప్రశ్న ఎక్కువగా స్కిజోఫ్రేనియా చుట్టూనే తిరిగింది. ఎవరూ మాట్లాడకపోయినా మాటలు వినిపించడం, ఆధారం లేని అనుమానం కదిలించలేని నమ్మకంగా పాతుకుపోవడం, ఆలోచనల వరుస తెగిపోవడం, బతుకు మీద ఆసక్తి క్రమంగా సన్నగిల్లడం దీని ప్రధాన లక్షణాలు. ఎక్కువగా యౌవనంలో మొదలై ఏళ్ల తరబడి సాగే ఈ వ్యాధిని జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ పంతొమ్మిదో శతాబ్దం చివర విడి రోగంగా గుర్తించగా, స్విట్జర్లాండుకు చెందిన ఆయిగెన్ బ్లాయిలర్ 1908లో దానికి ఇప్పటి పేరు పెట్టారు. క్రేపెలిన్ వద్ద పనిచేసిన అలోయిస్ ఆల్జైమర్ మతిమరుపు వ్యాధికి గురైన మెదడులో సూక్ష్మదర్శినికి స్పష్టంగా కనిపించే మార్పులను 1906లో ప్రకటించగలిగారు గాని, స్కిజోఫ్రేనియా రోగుల మెదళ్లలో అంత కొట్టొచ్చినట్టు కనిపించే గుర్తు ఎంత వెదికినా దొరకలేదు. నిర్మాణంలో కనబడనిది రసాయనంలో దాగి ఉండవచ్చునని తరువాతి తరం భావించడానికి ఆ వెదుకులాట ఫలించకపోవడమే ఒక కారణం.

ఆ రసాయనాల్లో తొలినాళ్లలోనే అందరి దృష్టినీ ఆకట్టుకున్నది సెరటోనిన్. దానిని కనుగొన్నవారు మాత్రం మెదడును దృష్టిలో పెట్టుకున్నవారు కారు. ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామెర్ 1930లలో పేగు లోపలి పొరలోని కొన్ని కణాల నుంచి, నునుపు కండరాన్ని ముడుచుకునేలా చేసే పదార్థాన్ని వేరుచేసి దానికి ఎంటెరమీన్ అని పేరుపెట్టారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రక్తపోటు కారణాలను శోధిస్తున్న మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ పశువుల రక్తం గడ్డకట్టిన తరువాత తేరుకునే సీరం నుంచి, రక్తనాళాలను బిగించే పదార్థాన్ని 1948లో శుద్ధిచేసి సెరటోనిన్ అన్నారు. మరుసటి ఏడు రాపోర్ట్ దాని నిర్మాణాన్ని 5-హైడ్రాక్సీట్రిప్టమీన్‌గా తేల్చగా, పేగులోనిదీ రక్తంలోనిదీ ఒకటేనని 1952లో రుజువైంది. పేజ్ ప్రయోగశాలలో చేరిన యువ పరిశోధకురాలు బెట్టీ ట్వారోగ్, సముద్రపు ఆల్చిప్పల కండరాల మీద సెరటోనిన్ నాడీ సంకేతంలాగే పనిచేయడాన్ని అంతకు ముందే గమనించి ఉన్నందువల్ల, వెన్నెముక గల జీవుల మెదడులోనూ అది ఉండి తీరాలని నమ్మి వెదికారు. క్షీరదాల మెదడులో సెరటోనిన్ ఉన్నదని 1953లో పేజ్‌తో కలిసి ఆమె ప్రకటించడంతో, ఒక నాడీకణం నుంచి మరొక నాడీకణానికి సమాచారం చేరవేసే రసాయనాల, అంటే నాడీవాహకాల జాబితాలో చేరే అర్హత దానికి వచ్చింది.

ఆ ప్రకటన వెలువడే నాటికే మరొక పదార్థం మానసిక వైద్యులను కలవరపెడుతూ ఉంది. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సాండోజ్ మందుల సంస్థకు చెందిన ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేసిన ఎల్‌ఎస్‌డీ, గ్రాములో పది లక్షల వంతులను లెక్కపెట్టవలసినంత స్వల్ప మోతాదులోనే మనిషి చూపునూ తలపునూ తలకిందులు చేస్తుందని 1943 ఏప్రిల్‌లో ఆయన స్వానుభవంతో తేలింది. ఎడిన్‌బరోలో జాన్ గాడమ్ 1953 ప్రాంతంలో, ఎలుక గర్భాశయ కండరం మీద సెరటోనిన్ చూపే ప్రభావాన్ని ఎల్‌ఎస్‌డీ అడ్డుకుంటున్నదని గుర్తించి, మనసు స్వస్థంగా ఉండటంలో మెదడులోని సెరటోనిన్‌కు పాత్ర ఉండవచ్చునని సూచించారు. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో డిల్వర్త్ వూలీ, ఎడ్వర్డ్ షా 1954లో ఒక అడుగు ముందుకు వేసి, స్కిజోఫ్రేనియా వంటి వ్యాధులు మెదడులో సెరటోనిన్ తీరు చెడటం వల్ల కలుగుతాయన్న సిద్ధాంతాన్నే ప్రతిపాదించారు. మధుమేహం వల్ల యౌవనంలోనే చూపు కోల్పోయిన వూలీ ప్రయోగ ఫలితాలను సహచరుల నోట విని, అణువుల రూపాలను మనసులోనే పోల్చుకుంటూ ఈ నిర్ణయానికి వచ్చారన్నది విజ్ఞానశాస్త్ర చరిత్రలో గౌరవంతో తలచుకోవలసిన విషయం. ఎల్‌ఎస్‌డీ కలిగించే స్థితి ప్రధానంగా కంటికి సంబంధించిన భ్రమలతో నిండినది కాగా, స్కిజోఫ్రేనియాలో వినికిడి భ్రమలే ఎక్కువ గనుక ఈ పోలిక పూర్తిగా నిలవలేదు. అయినా మానసిక వ్యాధిని ఒక నిర్దిష్టమైన అణువుతో ముడిపెట్టి ఆలోచించే పద్ధతి దానితోనే స్థిరపడింది.

ఈ చరిత్రలో భారతదేశానికి దక్కవలసిన చోటు చిన్నది కాదు. సర్పగంధి, పాతాళగంధి అని తెలుగువారికి తెలిసిన మొక్క వేరును పాముకాటుకూ నిద్రలేమికీ ఉన్మాదానికీ వాడటం ఈ దేశంలో చిరకాలంగా ఉన్న వైద్యం. బీహారు ప్రాంతంలోనైతే దానిని పిచ్చికి మందు అనే పేరుతోనే అమ్మేవారు. కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు పొడి రక్తపోటును తగ్గిస్తుందనీ, ఉద్రేకంతో కూడిన ఉన్మాదాన్ని శాంతపరుస్తుందనీ 1931లో వైద్యపత్రికలో ప్రకటించారు. దాదాపు రెండు దశాబ్దాల పాటు పశ్చిమదేశాలు దానిని పట్టించుకోలేదు. బొంబాయి వైద్యుడు రుస్తం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో తన అనుభవాన్ని ప్రచురించిన తరువాతనే అటువైపు చూపు మళ్లింది. 1952లో సీబా సంస్థ ఆ వేరు నుంచి రిసర్పీన్‌ను వేరుచేయగా, 1955లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఆల్ఫ్రెడ్ ప్లెచర్, పార్ఖర్స్ట్ షోర్, బెర్నార్డ్ బ్రాడీ ఆ మందు శరీరంలో నిలవ ఉన్న సెరటోనిన్‌ను ఖాళీ చేయిస్తుందని చూపారు. మనసు మీద పనిచేసే మందుకూ మెదడు రసాయనానికీ సంబంధం ఉందని చెప్పిన తొలి రుజువుల్లో అది ఒకటి. అది భారతీయుల వంటింటి పెరటి వైద్యం నుంచి అందినదని పాశ్చాత్య గ్రంథాలు తగినంత నొక్కి చెప్పకపోవడం లోపమే.

రిసర్పీన్ సెరటోనిన్‌తో పాటు మరొక నాడీవాహకమైన డోపమీన్ నిలవలను కూడా తగ్గిస్తుందని వెంటనే తెలియడం, 1952లో పారిస్‌లో జాన్ డిలే, పియేర్ డెనికర్ ఉన్మాదానికి మందుగా ప్రవేశపెట్టిన క్లోర్‌ప్రోమజీన్ డోపమీన్‌ను అడ్డుకోవడం ద్వారానే పనిచేస్తుందని క్రమంగా స్పష్టం కావడం వల్ల, తరువాతి రెండు దశాబ్దాలు డోపమీన్‌వే అయ్యాయి. సెరటోనిన్ ప్రశ్న చచ్చిపోలేదు గాని పక్కకు జరిగింది. దానిని మళ్లీ ముందుకు తెచ్చినది గ్రాహకాల అధ్యయనం. నాడీవాహకం అణువు కణంలోకి చొరబడదు. కణపు పొరలో అటూ ఇటూ చొచ్చుకుని ఉన్న ఒక ప్రోటీన్‌కు బయటివైపున అంటుకుంటుంది, చాలా సందర్భాల్లో ఆ ప్రోటీన్ ఆకారం మారి లోపలివైపున ఉన్న జీ-ప్రోటీన్ అనే మరొక అణువును మేల్కొలుపుతుంది. అలా సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌నే గ్రాహకం అంటారు. సెరటోనిన్‌కు ఒకటి కంటే ఎక్కువ రకాల గ్రాహకాలు ఉన్నాయని గాడమ్, పికరెల్లి 1957లో గినీపంది పేగు మీద ప్రయోగాలతో చూపారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పెరూట్కా, స్నైడర్ 1979లో మెదడులోని వాటిని రెండు వర్గాలుగా విడదీశారు. 1984లో మెదడు ద్రవాన్ని స్రవించే కోరాయిడ్ ప్లెక్సస్ అనే కణజాలంలో దొరికిన ఒక రకపు గ్రాహకం జన్యువును 1980ల చివర పూర్తిగా చదవగలిగారు. ఇప్పుడు దాని పేరు సెరటోనిన్ 2సీ గ్రాహకం. ఈ రకాల సంఖ్య చివరకు 14కు చేరింది.

అదే కాలంలో క్లోజపీన్ అనే మందు తిరిగి వాడుకలోకి వచ్చింది. తెల్లరక్తకణాలను ప్రమాదకరంగా తగ్గించగలదని 1975లో ఫిన్లాండులో తెలియడంతో పక్కన పెట్టిన ఈ మందు, ఇతర మందులకు లొంగని రోగుల్లో కూడా గుణం చూపుతుందని 1988లో అమెరికాలో జరిగిన పరీక్ష నిరూపించింది. డోపమీన్ గ్రాహకాలను అంత గట్టిగా పట్టుకోని ఈ మందు సెరటోనిన్ 2ఏ, 2సీ గ్రాహకాలను బలంగా పట్టుకుంటుంది. సెరటోనిన్ ప్రశ్నకు రెండవ జీవితం అక్కడ మొదలైంది. 2సీ గ్రాహకం లేకుండా పుట్టించిన ఎలుకలు విపరీతంగా తిని లావెక్కుతాయనీ, వాటికి మూర్ఛలు వస్తాయనీ 1995లో వెల్లడి కావడం వల్ల, క్లోజపీన్, అదే కోవకు చెందిన ఒలాంజపీన్ వాడేవారు బరువు పెరగడానికి ఒక కారణం కూడా ఈ గ్రాహకం దగ్గరే ఉండవచ్చునన్న అనుమానం బలపడింది.

ఇంతవరకు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: మెదడులో ఈ పదార్థం ఎక్కువ ఉన్నదా, తక్కువ ఉన్నదా, గ్రాహకాలు ఎన్ని ఉన్నాయి? గ్రాహకం తానే వేర్వేరు రూపాల్లో తయారై ఉండవచ్చునన్న ప్రశ్న వేరే దిక్కు నుంచి వచ్చింది. ప్రతి ప్రోటీన్ తయారీకి కావలసిన సూచన డీఎన్‌ఏలో ఉంటుంది. అవసరమైనప్పుడు ఆ భాగానికి నకలుగా రాయబారి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది, ఆ నకలును చదివి రైబోజోములు అమినో ఆమ్లాలను వరుసగా కూర్చుతాయి. మూలంలో ఉన్నదే నకలులో ఉంటుందన్నది జీవశాస్త్రపు తొలి సూత్రాల్లో ఒకటి. అయితే నిద్రావ్యాధిని కలిగించే ట్రిపనోసోమా జాతి సూక్ష్మజీవుల్లో, జన్యువులో లేని 4 యురిడిన్ అక్షరాలు ఆర్‌ఎన్‌ఏలో వచ్చి చేరుతున్నాయని ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన రాబ్ బెన్నె బృందం 1986లో ప్రకటించింది. దీనికే ఆర్‌ఎన్‌ఏ సవరణ అని పేరు వచ్చింది. మూలప్రతిని ముట్టుకోకుండా, నకలు రాసుకున్న తరువాత లేఖకుడు కొన్ని అక్షరాలు దిద్దిన తాళపత్రం వంటిదిది. ఆ దిద్దుబాటు పొరపాటు కాదు, ఉద్దేశపూర్వకం. 1991లో హైడెల్‌బర్గ్‌లో పీటర్ సీబర్గ్ బృందం, మెదడులోని గ్లూటమేట్ అనే నాడీవాహకపు గ్రాహకంలో ఒక్క అక్షరం దిద్దుబాటుతో ఆ గ్రాహకం గుండా కాల్షియం ప్రవేశం ఆగిపోతుందని చూపడంతో, సవరణ సూక్ష్మజీవుల వింత కాదనీ, మెదడు పనికి ప్రాణాధారమనీ తెలిసింది.

సెరటోనిన్ గ్రాహకం ఈ కథలోకి వచ్చింది 1997లో. అమెరికాలోని నాష్‌విల్‌లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ ఎమెసన్, ఎలేన్ సాండర్స్-బుష్‌ల బృందం ఎలుక మెదడులోని 2సీ గ్రాహకం ఆర్‌ఎన్‌ఏలో నాలుగు చోట్ల సవరణ జరుగుతున్నదని గుర్తించి నేచర్ పత్రికలో ప్రకటించింది. మనిషిలో అయిదో చోటు కూడా ఉన్నదని తరువాత తేలింది. ఆ మార్పు జరిగే తీరును దగ్గరగా చూడటం అవసరం. సవరణ చేసే ఎంజైములు అడార్ అనే కుటుంబానికి చెందినవి. ఇవి ఆర్‌ఎన్‌ఏలో రెండు పోగులు ఒకదానితో ఒకటి జతపడి మెలిపడిన చోటును వెదుక్కుని, అక్కడి అడినోసిన్ అనే అక్షరం నుంచి ఒక అమినో సమూహాన్ని తొలగించి దానిని ఇనోసిన్‌గా మారుస్తాయి. రైబోజోము ఇనోసిన్‌ను గ్వానోసిన్‌గా చదువుతుంది గనుక, ఒక అక్షరం స్థానంలో మరొక అక్షరం ఉన్నట్టే లెక్క. 2సీ గ్రాహకం విషయంలో ఆ మెలి, ప్రోటీన్‌కు పనికివచ్చే ఎక్సాన్ అనే భాగానికీ, తరువాత కత్తిరించి పారవేయవలసిన ఇంట్రాన్ అనే భాగానికీ మధ్య ఏర్పడుతుంది. కాబట్టి ఇంట్రాన్‌ను తీసివేసే స్ప్లైసింగ్ ప్రక్రియ మొదలయ్యేలోగానే సవరణ పూర్తి కావాలి.

సవరణకు ముందు ఆ భాగంలో 156వ స్థానంలో ఐసోల్యూసిన్, 158లో ఆస్పరజిన్, 160లో మళ్లీ ఐసోల్యూసిన్ అనే అమినో ఆమ్లాలకు సంకేతాలు ఉంటాయి. మొదటి సంకేతంలో రెండు చోట్ల, రెండవదానిలో రెండు చోట్ల, మూడవదానిలో ఒక చోట అడినోసిన్ మారవచ్చు. అయిదు చోట్లలో ఒక్కొక్కటి మారినా మారకపోయినా అయ్యే రూపాలు 32. వాటిలో కొన్ని ఒకే అమినో ఆమ్లానికి సంకేతాలు కావడం వల్ల 156లో మూడు, 158లో నాలుగు, 160లో రెండు అవకాశాలు మిగిలి, ఒకే జన్యువు నుంచి 24 రకాల గ్రాహకాలు తయారు కాగలవు. ఈ మూడు స్థానాలూ కణం లోపలివైపున, జీ-ప్రోటీన్‌ను తాకే వంపులోనే ఉన్నాయి. సవరించని రూపం సెరటోనిన్ లేకపోయినా కొంత సంకేతాన్ని తానే పంపుతూ ఉంటుంది, సెరటోనిన్ తగిలినప్పుడు చురుకుగా స్పందిస్తుంది. మూడు స్థానాల్లోనూ వాలీన్, గ్లైసిన్, వాలీన్ వచ్చి చేరిన పూర్తి సవరణ రూపం మాత్రం దాదాపు మౌనంగా ఉండి, స్పందించడానికి చాలా ఎక్కువ సెరటోనిన్ కోరుతుంది. గ్రాహకాల సంఖ్య మారకుండానే మెదడు తన చెవిని పదునుపెట్టుకోవడమో మొద్దుబరచుకోవడమో చేయగలదన్నమాట. క్లోజపీన్ వంటి మందులు ఆ సవరించని రూపపు స్వయంచాలక సంకేతాన్ని అణచివేస్తాయని 2000లో ప్రచురితమైన ప్రయోగాలు చూపినప్పుడు, స్కిజోఫ్రేనియా రోగుల మెదడులో ఈ సవరణ ఎలా ఉన్నదో చూడాలన్న కోరిక పరిశోధకులకు కలగడం సహజమే.

2001లో ఆ ఫలితం వచ్చింది. మోన్సీ సోధి, పాల్ హారిసన్ తదితరులు బ్రిటన్‌లో చేసిన అధ్యయనం, స్కిజోఫ్రేనియాతో మరణించినవారి ముందు మెదడు వల్కలంలో 2సీ గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏ సవరణ తగ్గి ఉన్నదనీ, సవరించని చురుకైన రూపం పాలు పెరిగి ఉన్నదనీ ప్రకటించింది. ఆ కాలపు పద్ధతిలో, మెదడు ముక్క నుంచి ఆర్‌ఎన్‌ఏను తీసి, దానికి డీఎన్‌ఏ నకళ్లు చేసి, ఒక్కో నకలును ఒక్కో బాక్టీరియా సమూహంలో పెంచి, ఒక్కొక్కదాని అక్షరాలను విడివిడిగా చదివి, ఏ రూపం ఎన్నిసార్లు వచ్చిందో చేతిలెక్కగా తేల్చవలసి ఉండేది. శ్రమ గొప్పది, కాని పరీక్షించిన మెదళ్లు ఒక్కో వర్గంలో పట్టుమని పదైనా లేవు. అదే ఏడు వాండర్‌బిల్ట్ బృందానికి చెందిన కోలీన్ నిస్వెండర్ తదితరులు మరింత మంది మెదళ్లను చూసి, స్కిజోఫ్రేనియా ఉన్నవారికీ లేనివారికీ సవరణలో చెప్పుకోదగిన తేడా లేదని ప్రకటించారు. 2003లో జపాన్‌లో కజుయా ఇవమోతో, తదఫుమి కాతో, అమెరికాలో స్టెల్లా ద్రాచేవా బృందం విడివిడిగా చూసినా స్కిజోఫ్రేనియాకు ప్రత్యేకమైన మార్పు కనబడలేదు.

తొలి ఫలితం నిలవకపోవడం పరిశోధకుల నిర్లక్ష్యానికి గుర్తు కాదు. మరణానంతరం మెదడును భద్రపరిచేలోపు గడిచిన గంటలు, చివరి ఘడియల్లో శరీరం పడిన యాతన, కణజాలంలో పెరిగిన ఆమ్లత్వం ఆర్‌ఎన్‌ఏను పాడుచేస్తాయి. జీవితమంతా వాడిన మందుల ప్రభావం వ్యాధి ప్రభావంతో కలిసిపోతుంది. ఇన్ని కారణాల మధ్య కొద్ది మెదళ్లలో కనిపించిన తేడా వ్యాధిదో, కాకతాళీయమో తేల్చడం అసాధ్యం. ఈ రంగంలో చిన్న సంఖ్యలు చేసిన మేలు ప్రశ్నను లేవనెత్తడం వరకే. తేడా లేదని చెప్పిన అధ్యయనాలకు పేరు తక్కువ వచ్చినా, విజ్ఞానానికి అవి చేసిన సేవ తక్కువది కాదు.

ఆ వెదుకులాటలో అనుకోని ఆధారం ఒకటి మాత్రం దొరికింది. నిస్వెండర్ అధ్యయనంలో, రోగం ఏదైనా ఆత్మహత్య చేసుకున్నవారి మెదళ్లలో ఒక చోట సవరణ పెరిగి కనిపించింది. 2002లో న్యూయార్కులో ఇల్యా గురేవిచ్, క్లాడియా ష్మాస్ తదితరులు కుంగుబాటుతో ప్రాణాలు తీసుకున్నవారిలో సవరణ తీరు మారి ఉన్నదని చూపడమే గాక, కుంగుబాటుకు వాడే ఫ్లుయాక్సిటిన్ మందు ఇచ్చిన ఎలుకల్లో దానికి వ్యతిరేక దిశలో మార్పు వస్తుందని గమనించారు. 2008లో ద్రాచేవా బృందం స్కిజోఫ్రేనియా, బైపోలార్ వ్యాధులు ఉన్నవారిలోనూ ఆత్మహత్యతో మరణించినవారి మెదళ్లలోనే సవరణ ఎక్కువని తెలిపింది. రోగం పేరు కంటే ప్రాణాన్ని ముప్పులోకి నెట్టే మానసిక స్థితికే ఈ సవరణ దగ్గరగా ఉన్నదని ఈ అధ్యయనాలు సూచిస్తున్నాయి.

2006లో మరొక దారి తెరుచుకుంది. 15వ క్రోమోజోములో, ప్రాడర్-విల్లీ అనే పుట్టుక వ్యాధిలో లోపించే భాగం నుంచి తయారయ్యే ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏకు, 2సీ గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏలోని 18 అక్షరాలతో సరిగ్గా జతపడే వరుస ఉన్నదనీ, అది ఆ గ్రాహకం స్ప్లైసింగ్‌ను ప్రభావితం చేస్తుందనీ శివేంద్ర కిశోర్, స్టెఫన్ స్టామ్ ప్రకటించారు. తీరని ఆకలితో బాధపడే ఆ పిల్లల వ్యాధికీ, మందులతో బరువు పెరిగే స్కిజోఫ్రేనియా రోగుల బాధకూ ఒకే గ్రాహకం దగ్గర సంబంధం ఉండవచ్చునన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం.

ఒక్క జన్యువును పట్టుకుని వెదికే కాలం 2010లలో దాదాపు ముగిసింది. 2019లో నేచర్ న్యూరోసైన్స్‌లో వెలువడిన అధ్యయనం 364 మంది స్కిజోఫ్రేనియా రోగుల మెదళ్లనూ, ఆ వ్యాధి లేని 383 మంది మెదళ్లనూ తీసుకుని, వాటిలోని ఆర్‌ఎన్‌ఏ సవరణలన్నింటినీ ఒక్కసారిగా చదివింది. గ్లూటమేట్ గ్రాహకాలకూ నాడీకణాల సంధిస్థానాల ప్రోటీన్లకూ చెందిన ఆర్‌ఎన్‌ఏలో సవరణ తగ్గడం, ప్రోటీన్ తయారీని ప్రారంభించే యంత్రాంగానికి చెందిన ఆర్‌ఎన్‌ఏలో పెరగడం అందులో తేలిన ముఖ్యాంశాలు. సెరటోనిన్ 2సీ గ్రాహకపు సవరణ ఒక్కటే స్కిజోఫ్రేనియాకు కారణమన్న మాటను ఇక ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఆ సవరణను కొలిచి ఈ వ్యాధిని నిర్ధారించే పరీక్ష కూడా నేటి వరకు లేదు. రోగిని, కుటుంబాన్ని ఓపికగా విచారించి వైద్యుడు చేసే నిర్ణయమే ఇప్పటికీ ప్రమాణం.

మనిషి మెదడులో సవరణను చూసిన ఈ అధ్యయనాలన్నీ సాగినవి చనిపోయినవారి కుటుంబాలు దుఃఖంలో కూడా అంగీకరించి ఇచ్చిన మెదళ్ల మీదనే. పదిమంది మెదళ్లతో తేలనిది వందలమందితో తేలింది. అయితే ఆ మెదళ్లలో అధిక భాగం ఐరోపా, అమెరికా దేశాలవి. మన దేశంలో బెంగుళూరులోని మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదళ్లను భద్రపరిచే బ్యాంకు పనిచేస్తున్నది. నేత్రదానం, దేహదానం తెలుగువారికి కొత్తవి కావు. వాటితో పాటు మెదడు దానాన్ని గురించి కూడా రోగుల కుటుంబాలూ ఆరోగ్యవంతుల కుటుంబాలూ ఇంట్లో మాట్లాడుకుని, తమ సమ్మతిని ముందుగానే తెలియజేయడం అవసరం.